ఎండోమెట్రియోసిస్‌కి నొప్పి మాత్ర చాలదా?

కావలి నుంచి ఒకామె అడిగారు: "నెల్లూరులో డాక్టరమ్మ రోజూ డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్ర 2 మి.గ్రా. వేసుకోమన్నారు. నొప్పికి మెఫెనమిక్ యాసిడ్ ఉందిగా, ఇదెందుకు?"

గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం అండాశయాల మీదో, పేగుల మీదో పెరగడమే ఈ జబ్బు. తిరకాసంతా ఒకచోటే ఉంది. ఆ కణజాలం అండాశయాలిచ్చే హార్మోన్ అయిన ఈస్ట్రోజన్‌తో సరిపెట్టుకోదు, అరోమటేజ్ అనే ఎంజైముతో సొంతంగానూ తయారు చేసుకుంటుంది. ఆ ఈస్ట్రోజన్ కాక్స్-2 అనే మరో ఎంజైమును రెచ్చగొడితే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు పెరుగుతాయి. వాపు, నొప్పి చాలావరకు వాటివల్లే. పైగా అవి మళ్లీ అరోమటేజ్‌ని ఎగదోస్తాయి!

మెఫెనమిక్ ప్రోస్టాగ్లాండిన్లను తగ్గిస్తుంది, అంతే. డైనోజెస్ట్ అయితే అండం విడుదలను ఆపి, ఈస్ట్రోజన్ తగ్గించి, ఆ కణజాలాన్నే క్షీణింపజేస్తుంది, వాపూ తగ్గుతుంది. మొదటి నెలల్లో మధ్యమధ్య రక్తపు మరకలు కనిపిస్తే టెన్షన్ పడి మానేయకండి, మామూలే. ఎక్కువగా పోతుంటే మాత్రం చూపించుకోండి. మందు ఆపేస్తే నొప్పి తిరగబెట్టొచ్చు. పిల్లలు కావాలనుకుంటే ముందే డాక్టరమ్మతో చెప్పండి, ఇది వాడుతూ గర్భం కోసం చూడటం కుదరదు.