తొమ్మిది నుంచి ఒకటిన్నర దాకా మీరు లేవకండి

ప్రశ్న: మా పాపకి 14 వారాలు నిండాయి. తెనాలి దగ్గర మా పుట్టింట్లో మూడో నెల దాకా ఉండి కూకట్‌పల్లిలో మా ఫ్లాట్‌కి వచ్చాను. పుట్టినప్పుడు 2.9 కిలోలు, మొన్న టీకాకి వెళ్తే 5.6 కిలోలు ఉంది. పొద్దున పదింటికి నూనె రాసి, స్నానం పోసి, సాంబ్రాణి వేశాక మూడు గంటలు కదలకుండా పడుకుంటుంది. రాత్రి మాత్రం తొమ్మిదికి పడుకుని పదిన్నరకి లేస్తుంది, ఇక తెల్లారేదాకా గంటన్నరకోసారి లేవడమే. కాస్త కదిలినా ఎత్తుకుని పాలిస్తాను. మావారికి మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి పదిన్నర దాకా ఆఫీసు కాల్స్. నిద్ర చెడుతుందని పక్క గదిలో పడుకుంటున్నారు. నేను హాల్లో సోఫాలో కూర్చుని పాలిస్తుంటే ఓసారి అలాగే కునుకు పట్టేసింది. పాలు చాలడం లేదని, డబ్బాపాలు పట్టమని, ఉగ్గు మొదలుపెడదామని అత్తయ్యగారు అంటున్నారు. ఎదురింటి బాబు మూడో నెల నుంచే రాత్రంతా పడుకుంటాడట. మొన్న అర్ధరాత్రి విసుగొచ్చి పాపని విసురుగా పక్క మీద వేశాను. తర్వాత గంటసేపు ఏడ్చాను. నాకు తల్లినయ్యే అర్హత లేదేమో అనిపిస్తోంది.

జవాబు: మీ ఉత్తరంలో నాకు భయమేసింది సోఫా దగ్గర. మిగతావి నిదానంగా మాట్లాడుకుందాం, అది మాత్రం ఈ రాత్రి నుంచే మానేయండి. సోఫాలో పాలిస్తూ నిద్రపోతే పాప మీ ఒంటికీ కుషన్‌కీ మధ్యకి జారిపోతుంది, ఊపిరాడదు. మంచం కంటే సోఫా చాలా ప్రమాదం. నిద్ర ముంచుకొస్తోందంటే మంచం మీదే పాలివ్వండి. గట్టి పరుపు ఉండాలి, పాపని వెల్లకిలా పడుకోబెట్టాలి. చుట్టూ దిండ్లు, దుప్పట్లు, బొమ్మలు ఏవీ వద్దు. తల గుండ్రంగా రావాలని ఎవరైనా ఆవాల దిండు ఇచ్చి ఉంటే అది కూడా తీసేయండి. మీ మంచం పక్కనే పాపకి వేరే చిన్న మంచం వేస్తే ఇంకా మంచిది.

పాల సంగతి మీరు రాసిన అంకెలే చెబుతున్నాయి. 98 రోజుల్లో 2.7 కిలోలు పెరిగిందంటే రోజుకి 27 గ్రాముల పైమాటే. ఈ నెలల్లో 20 నుంచి 30 గ్రాములు పెరిగితే చాలు. రోజుకి ఆరేడుసార్లయినా ఒంటికి పోస్తోంది కదా? అయితే మీ పాలు చాలుతున్నాయి. ఈ లెక్క అత్తయ్యగారికి కాగితం మీద రాసి చూపించండి, వాదించక్కర్లేదు. డబ్బాపాలు పట్టినంత మాత్రాన నిద్ర గ్యారంటీ ఏమీ లేదు. ఉగ్గు ఆరు నెలలు నిండాకే. అప్పటిదాకా విడిగా నీళ్లు కూడా అక్కర్లేదు. తేనె ఏడాది దాకా నాకించకూడదు. వస, జాజికాయ అరగదీసి పెట్టమనో, జలుబు సిరప్ రెండు చుక్కలు వేస్తే హాయిగా పడుకుంటుందనో ఎవరో ఒకరు చెప్తారు. వినకండి. అది నిద్ర కాదు, మత్తు.

ఇప్పుడు పదిన్నర సంగతి. ఈసారి పాప కదిలినప్పుడు ఎత్తుకోకుండా వంగి చూడండి. రెప్పల కింద కనుగుడ్లు కదులుతుంటాయి. మూతి ముడుస్తుంది, మూలుగుతుంది, కాళ్లు పొట్టలోకి ముడిచి దబ్బున చాపుతుంది, ఏడుపు ఎత్తుకున్నట్టే ఎత్తుకుని ఆపేస్తుంది. ఇదంతా నిద్రే. పసిపిల్లల నిద్రలో చాలా భాగం ఇలా కదులుతూనే సాగుతుంది. సుమారు గంటకోసారి ఒక విడత అయిపోయి ఇంకో విడతలోకి జారుకుంటారు. సరిగ్గా ఆ సందులో మనం ఎత్తుకుని మనమే లేపేస్తాం. మా పెద్దాణ్ణి నేను నాలుగు నెలలు ఇలాగే లేపాను, లేచిందేమో వాడని ఊరంతా చెప్పుకున్నాను. ఒక నిమిషం, రెండు నిమిషాలు ఆగండి. పొట్ట మీద చెయ్యి వేసి ఉంచండి. కళ్లు తెరిచి, గుప్పిట నోట్లో కుక్కుకుని, తల అటూ ఇటూ తిప్పి వెతుకుతుంటే అప్పుడు ఆకలి. అప్పుడిక ఏడవనివ్వకుండా పాలు పట్టేయండి. ఏడ్చి ఏడ్చి అదే పడుకుంటుందిలే అనే పద్ధతి ఈ వయసుకి పనికిరాదు. లైటు వేయొద్దు, ఫోన్ చూడొద్దు, కబుర్లు వద్దు. డైపర్ బాగా తడిస్తేనో, దొడ్డికి వెళ్తేనో మార్చండి.

పొద్దున ఆ మూడు గంటల నిద్ర చూసి ఇంట్లో అందరూ మురిసిపోతూ ఉంటారు. నాకైతే అది రాత్రి నుంచి తెచ్చుకున్న అప్పులా కనిపిస్తోంది. రాత్రేదో పగలేదో చెప్పే మెలటోనిన్ అనే హార్మోను రెండు మూడు నెలలకి గాని పిల్లల్లో గాడిన పడదు. మీ పాపకి ఇప్పుడిప్పుడే మొదలవుతోంది. పగలు రెండు గంటలు దాటితే మెల్లగా లేపి పాలివ్వండి. కిటికీ తెర తీసి ఉంచండి, కుక్కర్ విజిల్ వస్తే రానివ్వండి. వీలైతే స్నానం సాయంత్రం ఏడింటికి మార్చండి. స్నానం పోసే ఆవిడ పొద్దునే వస్తానంటే, సాయంత్రం గోరువెచ్చని నీళ్లతో ఒళ్లు తుడిచినా చాలు. ఆ తర్వాత పాలు, మసక వెలుతురు, ఒక జోలపాట, రోజూ అదే వరస. సాంబ్రాణి పొగ మాత్రం పాప ఊపిరితిత్తులకి మంచిది కాదు. అత్తయ్యగారు దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, ఉప్పూ మిరపకాయలే కదా పోయేవి. వాటిని ఆ గదిలో కాల్చకుండా ఉంటే చాలు.

ఇవన్నీ చేసినా పాప రేపటి నుంచి రాత్రంతా పడుకోదు. ఈ వయసులో వరసగా నాలుగైదు గంటలు పడుకుంటే అదే గొప్ప. పైగా నాలుగో నెలలో నిద్ర తీరు మారుతుంది, కొన్నాళ్లు ఇంకా ఎక్కువసార్లు లేవచ్చు కూడా. ఎదురింటి బాబు సంగతి వదిలేయండి. ఆ తల్లి ఎన్నిసార్లు లేస్తోందో మనకెవరు చెప్తారు? అందుకే ముందు చూడాల్సింది మీ నిద్ర. ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్లున్నారు, రాత్రి మొత్తం ఒక్కరి నెత్తిన పడింది.

మీవారు పదిన్నర దాకా ఎలాగూ మేలుకునే ఉంటున్నారు, కాబట్టి ఆ తర్వాతి పూట ఆయనది. పొద్దున ఒకసారి పాలు పట్టడం అయ్యాక, శుభ్రమైన గిన్నెలోకి కొన్ని పాలు పిండి మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. రాత్రి తొమ్మిదికి పాలిచ్చి, మీరు వెళ్లి పక్క గదిలో తలుపు వేసుకుని పడుకోండి. పదిన్నర దాకా పాప దగ్గర అత్తయ్యగారు ఉంటారు. తర్వాత మీవారు వస్తారు. ఆకలితో లేస్తే ఆ గిన్నెని వేడినీళ్లలో కాసేపు పెట్టి, గోరువెచ్చగా అయ్యాక పట్టి, త్రేన్పు వచ్చేదాకా భుజాన వేసుకుంటారు. ఒకటిన్నరకి మిమ్మల్ని లేపి ఆయన పడుకుంటారు. మీకు నాలుగున్నర గంటలు. తెల్లవారుజామున అయిదింటి పాలయ్యాక, అత్తయ్యగారు ఎలాగూ లేస్తారు కాబట్టి పాప ఆవిడ చేతిలో, మీరు ఏడున్నర దాకా మళ్లీ పక్క మీద. మొదటి రెండు రాత్రులూ ఏడుపు వినబడితే మీ ప్రాణం ఆగదు. అయినా లేవకండి. ఆయన నేర్చుకోవాలంటే మీరు కనబడకూడదు.

విసురుగా వేశానని రాశారు. అలాంటి కోపం అర్ధరాత్రి మూడింటికి చాలామంది తల్లులకి వస్తుంది, బయటికి చెప్పరు. వచ్చినప్పుడు పాపని వెల్లకిలా పక్క మీద పెట్టి, గది బయటికి వచ్చి అయిదు నిమిషాలు నిలబడండి. ఆ అయిదు నిమిషాలు ఏడిస్తే ఏమీ కాదు. పట్టుకుని కుదిపితే మాత్రం మెదడుకి దెబ్బ తగులుతుంది. ఇంకొకటి అడుగుతాను, నిజం చెప్పుకోండి. పాప పడుకున్నప్పుడు కూడా మీకు నిద్ర పట్టడం లేదా? ఏడుపు రెండు వారాలు దాటినా ఆగడం లేదా? మీకో పాపకో ఏదైనా చేసేస్తానేమో అన్న ఆలోచన వస్తోందా? ఒక్కటి అవునన్నా ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆ చివరిదైతే అదే రోజు వెళ్లాలి, ఒంటరిగా ఉండొద్దు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్‌కి మందులున్నాయి, పాలిస్తూ వాడగలిగినవీ ఉన్నాయి. పాపకి జ్వరం వచ్చినా, పాలు తాగడం తగ్గినా, నిద్రలో ఊపిరి ఆగి ఆగి తీస్తున్నట్టనిపించినా ఈ చిట్కాలన్నీ పక్కన పెట్టి పిల్లల డాక్టర్‌కి చూపించండి.

ఈ జవాబు మీవారి చేత చదివించండి. అలాగే పిండిన పాలు పట్టడానికి బాటిల్ కొనేముందు అత్తయ్యగారిని ఉగ్గుగిన్నె ఉందేమో అడగండి. మీవారికి చిన్నప్పుడు పట్టింది అటక మీద ఎక్కడో ఉండే ఉంటుంది. వేడినీళ్లలో బాగా మరిగించి, ఎలా పట్టాలో కొడుకుకి ఆవిడనే నేర్పమనండి.