డీకిన్స్‌కి కూడా మొదటిసారి సీటు రాలేదు సార్

ఖమ్మం నుంచి ఒక తండ్రి అడిగారు: "మావాడికి ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. బీటెక్ వద్దంట, రోజర్ డీకిన్స్‌లాగా కెమెరామెన్ అవుతాడంట. ప్లాటు అమ్మి లండన్ పంపాలా, బీటెక్‌లో వేసేయాలా? మధ్యలో ఆగిపోతే ఏంటి గతి?"

సార్, మీ అసలు భయం ఆ చివరి మాటలోనే ఉంది. ఊరు మారుతుంది గానీ ఇదే భయం నాకు ప్రతి ఏడాదీ వస్తుంది. అందుకే ముందు ఆ హాలీవుడ్ కెమెరామెన్ డీకిన్స్ సంగతే చెప్తా, బాబుతో కూడా చదివించండి. 1949లో ఇంగ్లండ్‌లో, డెవన్ తీరంలోని టార్కీలో పుట్టారు, గ్రాఫిక్ డిజైన్ చదివారు, 1971లో కొత్తగా పెట్టిన నేషనల్ ఫిల్మ్ స్కూల్‌కి అప్లై చేస్తే సీటు రాలేదు. రాలేదని ఇంట్లో కూర్చోలేదు, నార్త్ డెవన్‌లో ఒక ఆర్ట్స్ సెంటర్ కోసం ఏడాది పాటు పల్లెలు తిరిగి అక్కడోళ్ల బతుకులు ఫోటోలు తీశారు, మరుసటి ఏడు సీటొచ్చింది. బయటికొచ్చాక కూడా ఏళ్ల తరబడి డాక్యుమెంటరీలే, ఒకసారైతే ప్రపంచం చుట్టే పడవ పందెం షూట్ చేయడానికి తొమ్మిది నెలలు పడవ మీదే ఉన్నారు. ఆస్కార్‌కి 13 సార్లు నామినేట్ అయి వట్టి చేతులతో ఇంటికెళ్లారు, 14వసారి 2018లో వచ్చింది, అప్పటికి ఆయనకి 68 ఏళ్లు.

ఇక లండన్ మోజు. ఆయన చదివిన స్కూల్లో సినిమాటోగ్రఫీ ఇప్పుడు ఎంఏ కోర్సు, ఇంటర్ అవ్వగానే చేరేది కాదు. పూణెలోని ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐలో ఆ కోర్సుకైనా డిగ్రీ కావాలి. హైదరాబాద్‌లోని ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో ఫోటోగ్రఫీలో బీఎఫ్‌ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ ఉంది, అది ఇంటర్ తర్వాతే చేయొచ్చు. అప్పు చేసి బయటికి పంపడం అంటే నాకు నిజంగా భయం సార్, ఎందుకంటే ఈ లైన్లో మొదటి ఏళ్లు లెన్సులు మోసి, షాట్ నడుస్తుంటే ఫోకస్ సరిచేసి నేర్చుకునేవి, డబ్బు పెద్దగా రాదు, నెత్తిన ఈఎంఐ ఉంటే పిల్లాడు ఆ ఏళ్లు ఓపిక పట్టలేడు, ఏ ఉద్యోగం దొరికితే అందులో దూరిపోతాడు.

ఒక మాట, కోపం తెచ్చుకోకండి. డల్లాస్‌లో ఉన్న మీ బావమరిది కొడుకు గురించి రెండుసార్లు రాశారు, బాబు తీసిన మూడు ఫోటోలు పంపి వాటి గురించి ఒక్క ముక్క రాయలేదు. వాళ్లమ్మ వంటింటి కిటికీ దగ్గర బియ్యం ఏరుతున్న ఫోటో తెరిచి చూడండి. లైటు వేయలేదు, పొద్దుటి వెలుగు ఒక చెంప మీదే పడింది, చేట సగం నీడలో ఉంది. ఆ వెలుగు కోసం పిల్లాడు ఆగాడు సార్! మీరు చూడకుండానే ఫార్వర్డ్ చేశారు.

ప్లాటు అమ్మకండి. బీటెక్‌లో బలవంతంగా తోయకండి, బ్యాక్‌లాగ్‌లు మిగులుతాయి. బీఎఫ్‌ఏ ఎంట్రన్స్ రాయనివ్వండి, రాకపోతే ఒక ఏడాది పోనివ్వండి, కొంపేం మునగదు. మిర్చి సీజన్‌లో తెల్లారకముందే మీ ఖమ్మం మార్కెట్‌కి కెమెరా ఇచ్చి పంపండి, హమాలీలని, బస్తాల మీద పడుకున్న రైతుల్ని తీయనివ్వండి. ఆ ఫోటోలు నాకు పంపండి, ఈసారి ముందు మీరు చూసి.