టెక్ సందేహాలు: ఆకాశంలో డేటా సెంటర్ గిట్టుబాటవుతుందా?

ప్రశ్న: అంతరిక్షంలో ఎండ ఉచితం, చలి ఉచితం. డేటా సెంటర్లను అక్కడే పెట్టేస్తే కరెంటు బిల్లు, ఏసీ బిల్లు రెండూ తప్పుతాయి కదా? కంపెనీలకు అది లాభమేనా?

జవాబు: ఎండ మాట నిజమే. పగలు, రాత్రి సరిహద్దు మీదుగా తిరిగే కక్ష్యలో దాదాపు ఎప్పుడూ ఎండే. చలి మాటతోనే చిక్కు.

థర్మోస్ ఫ్లాస్కులో కాఫీ గంటల తరబడి వేడిగా ఎందుకుంటుంది? రెండు గోడల మధ్య గాలి లేదు కాబట్టి. అంతరిక్షంలో చిప్ పరిస్థితీ అంతే. ఫ్యాను తిప్పుదామంటే గాలే లేదాయె. పెద్ద పెద్ద రేడియేటర్ పలకల నుంచి కిరణాల రూపంలో వేడిని వదిలించుకోవాలి. 30 డిగ్రీల దగ్గర ఉన్న చదరపు మీటరు పలక రెండు వైపులా కలిపి మహా అయితే 800 వాట్ల చిల్లర వదులుతుంది. ఏఐ పనులకు వాడే ఎన్విడియా కంపెనీ హెచ్100 చిప్ ఒక్కటే 700 వాట్లు తాగుతుంది. అంటే చిప్‌కో చదరపు మీటరు. లక్ష చిప్‌లకు దాదాపు 25 ఎకరాల పలకలు! వాటిలో ద్రవాన్ని తిప్పే పంపులు, గొట్టాల బరువు అదనం.

ఇక డబ్బు లెక్క. ఆ చిప్ ఏడాదంతా ఆగకుండా నడిస్తే 6,100 యూనిట్ల పైచిలుకు కరెంటు కాలుతుంది. యూనిట్ 10 సెంట్లనుకుంటే 610 డాలర్లు. కూలింగ్‌తో కలిపి 800 వేసుకోండి, ఐదేళ్లకు 4,000. చిప్ ధర పాతిక వేల డాలర్లనుకున్నా, కరెంటు అందులో ఆరో వంతుకు మించదు. ఈ కాస్త ఆదా కోసం సోలార్ పలకల్నీ రేడియేటర్లనీ రాకెట్ ఎక్కించాలి. గూగుల్ 2025 నవంబరులో ప్రకటించిన 'ప్రాజెక్ట్ సన్‌క్యాచర్' (ఏఐ చిప్‌లను అంతరిక్షంలో నడిపే ఆలోచన) అంచనా ప్రకారం, రాకెట్ ప్రయోగ ఖర్చు కిలోకు 200 డాలర్లకు దిగితేనే నేల మీది కరెంటు ఖర్చుతో సరితూగేది. అదీ 2030ల మధ్య నాటికి. ఇప్పుడది ఇంకా వేలల్లోనే ఉంది.

ఇక పైన ఏదైనా చెడిపోతే రిపేరు చేసే మనిషి ఉండడు. అయితే మనిషి చెయ్యి పడకపోయినా యంత్రాలు బాగానే నడుస్తాయనే ఎదుటి వాదనలోనూ బలముంది. మైక్రోసాఫ్ట్ 2018లో స్కాట్లాండ్ దగ్గర 864 సర్వర్లను డబ్బాలో పెట్టి సముద్రంలో ముంచింది. రెండేళ్లకు తీసి చూస్తే, నేల మీది వాటికంటే ఎనిమిదో వంతే పాడయ్యాయి. అయినా ఆ బాట కొనసాగించలేదు. పైగా అంతరిక్షంలో చిప్‌లను దెబ్బతీసే రేడియేషన్ బెడద సముద్రంలో లేదు. ఇంకో సమస్య, చిప్‌లు పాతబడే వేగం. ఎన్విడియా చిప్‌లనే చూడండి: ఏ100 2020లో వచ్చింది, హెచ్100 2022లో, బ్లాక్‌వెల్ ప్రకటన 2024లో. నేల మీదైతే పాతది పీకి కొత్తది పెడతారు. పైన ఎవరు పీకుతారు?

మరి కంపెనీలకు ఎందుకంత ఆరాటం? నా అనుమానం, కరెంటు ధర కాదు, కరెంటు దొరక్కపోవడమే. చాలాచోట్ల గ్రిడ్ కనెక్షన్‌కే ఏళ్లు పడుతోంది. స్థలం, నీళ్ల గొడవలు సరేసరి. 2025 నవంబరులోనే స్టార్‌క్లౌడ్ అనే కంపెనీ ఒక హెచ్100ను ఉపగ్రహంలో పంపింది. ప్రయోగంగా భేష్. కానీ వ్యాపారంగా ఇవాళ గిట్టుబాటు కాదు. ఒక్క పనికి మాత్రం ఇప్పుడే పనికొస్తుంది. ఉపగ్రహాలు తీసే ఫొటోలను కిందికి మోయకుండా పైనే జల్లెడ పట్టి, కార్చిచ్చు ఎక్కడుందో ఆ ఒక్క ముక్క పంపడం.

ప్రశ్న: అంత పైనుంచి వస్తే నా ఫోన్‌లో ఏఐ జవాబులు ఆలస్యమవుతాయా?

జవాబు: ఆ టెన్షన్ వద్దు. 600 కిలోమీటర్లు దిగడానికి సిగ్నల్‌కు 2 మిల్లీసెకన్లు చాలు. జవాబు ఆలోచించడానికి ఏఐ తీసుకునే టైమే దానికి ఎన్నో రెట్లు.