అలవాటైపోయిందిలే అనుకున్నాను

గాజువాక నుంచి జగదాంబ కూడలికి రోజూ బస్సులో ఇయర్‌ఫోన్లతో పాటలు వింటూ వెళ్తాననీ, దిగాక కాసేపు చెవుల్లో గుయ్‌మంటుందనీ, ఇది ప్రమాదమా అనీ అడిగారు. ప్రమాదమే. నేను డాక్టరును కాను. ఆటోనగర్‌లోని ఒక షెడ్డులో 18 ఏళ్లు గ్రైండింగ్ మిషను పట్టినవాణ్ని. ఆ గుయ్‌మనే మోత నాకు పాత నేస్తం.

మొదట్లో సాయంత్రం మొదలై తెల్లవారేసరికి పోయేది. కొన్నేళ్లకు పోవడం మానేసింది. షెడ్డులో రొద మాత్రం మునుపటిలా బాధించడం లేదు. "అలవాటైపోయిందిలే" అన్నాడు మేస్త్రీ, నేనూ నమ్మాను. ఒకరోజు మా ఆవిడ పాలు అందించమంటే తాళాలు తెచ్చి చేతిలో పెట్టాను. ఇంటిల్లిపాదీ నవ్వారు. పరీక్ష చేయించుకుంటే, వినికిడిని గీతగా చూపే ఆడియోగ్రామ్‌లో ఆ గీత 4,000 హెర్ట్జ్ దగ్గర, అంటే కీచు శబ్దాల దగ్గర, గుంతలో పడ్డట్టు దిగిపోయి ఉంది. పెద్ద రొద వల్ల కలిగే నష్టం ఎక్కువగా ఆ చుట్టుపక్కలే మొదలవుతుందట. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు చస్తే మళ్లీ మొలవవు. నేను అలవాటనుకున్నది చెవుడు.

ఇక మీ సంగతి. ఇంజను రొద మీద పాట వినబడాలని మీరు శబ్దం పెంచుతున్నారు, చిక్కంతా అక్కడే. పని చోట్లకు అమెరికాలో సూచించే లెక్క ఒకటుంది: 85 డెసిబెల్స్‌లో 8 గంటలు ఉండవచ్చు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 100కి 15 నిమిషాలే. గాజువాక నుంచి జగదాంబకు 15 నిమిషాల్లో చేరిన బస్సును నేను చూడలేదు.

చెవి రంధ్రాన్ని బిగుతుగా మూసే రకం ఇయర్‌ఫోన్లు కొనండి. బయటి రొద తగ్గితే పాట పెంచాల్సిన పని ఉండదు. రోడ్డు దాటేటప్పుడు మాత్రం తీసేయండి. నాలా దూది కుక్కుకోకండి, దానివల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు. మోత ఎక్కువున్న చోట నురుగు ఇయర్‌ప్లగ్గులు వాడండి. ప్లగ్గును సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి దూర్చి, అది ఉబ్బేదాకా వేలితో నొక్కి ఉంచాలి. నివాస ప్రాంతాల్లో రాత్రిపూట 45 డెసిబెల్స్ దాటకూడదని మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. మా వీధి పెళ్లి ఊరేగింపులకు ఆ కబురు ఇంకా అందలేదు, కాబట్టి ఒక జత జేబులో ఉంచుకుంటాను.

చెవుల్లో గుయ్‌మనడం మర్నాటికీ తగ్గకపోతే చెవి డాక్టరుకు చూపించండి. ఒక చెవి ఉన్నట్టుండి వినబడకపోతే మాత్రం మర్నాటిదాకా ఆగకండి, ఆ రోజే వెళ్లండి.