తండ్రికి తాగుడు వ్యసనం ఉంటే పిల్లలకూ వస్తుందా?

వ్యసనం రాదు, దానికి లొంగే గుణం కొంత రావచ్చు. కవలల మీద, దత్తత వెళ్లిన పిల్లల మీద జరిగిన అధ్యయనాల ప్రకారం ఈ ముప్పులో మనిషికీ మనిషికీ ఉండే తేడాల్లో దాదాపు సగం జన్యువుల వల్లే. అంతేగానీ మీకు 50 శాతం అవకాశం ఉందని కాదు.

‘తాగుడు జన్యువు’ అంటూ ఒకటి లేదు. చాలా జన్యువులు తలా కాస్త పనిచేస్తాయి. గట్టి ప్రభావం ఉన్నవి మద్యాన్ని విరగ్గొట్టే ఎంజైములవి. ఆల్కహాల్ మొదట ఎసిటాల్డిహైడ్‌గా, తర్వాత ఎసిటేట్‌గా మారుతుంది. ఈ రెండో పని చేసే ఏఎల్‌డీహెచ్2 ఎంజైము సరిగా పనిచేయకపోతే విషపూరితమైన ఎసిటాల్డిహైడ్ పేరుకుని ముఖం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వికారం పుడుతుంది. ఇక తాగబుద్ధి కాదు. తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర చేసేదీ ఇదే. ఈ ఎంజైమును పుట్టుకతోనే దెబ్బతీసే జన్యుమార్పు జపాన్, చైనా, కొరియాల్లో ఎక్కువ, మన దగ్గర అరుదు.

అదీ పూర్తి రక్షణ కాదు. జపాన్‌లో మద్యానికి బానిసలైనవారిలో ఈ జన్యుమార్పు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వచ్చినవాళ్లు 1979లో 2.5 శాతం, 1992కల్లా 13 శాతం. అంత కొద్ది ఏళ్లలో జన్యువులు మారవు, మారింది తాగే వాతావరణం. పైగా ఈ జన్యుమార్పు ఉన్నవాళ్లు తాగితే అన్నవాహిక క్యాన్సర్ ముప్పు ఎక్కువ.

‘ఎంత తాగినా నాకు ఎక్కదు’ అని గొప్పలు పోయే కుర్రాళ్లకే నిజానికి ముప్పు ఎక్కువ. ఇక జన్యుపరీక్ష కిట్లంటారా, కుటుంబ చరిత్ర అడిగితే తెలిసే దానికన్నా అవి పెద్దగా చెప్పేదేమీ లేదు.