సదరన్ షోర్‌కి వచ్చేముందు

లాస్యా, బంగారుతల్లీ,

ఆదివారం అక్క ఫోన్ చేసింది. ఇప్పుడు ఇక్కడ వేసవి టైము కాబట్టి శ్రీకాకుళానికీ మా సెయింట్ జాన్స్‌కీ సరిగ్గా 8 గంటల తేడా. చలికాలంలో అయితే 9. మన దేశంలోలాగే కెనడా తూర్పు కొసన ఉన్న ఈ న్యూఫౌండ్‌లాండ్ దీవిలోనూ గడియారం అరగంట లెక్క మీద నడుస్తుంది. అందుకే నిమిషాల ముల్లు అక్కడా ఇక్కడా ఒకే చోట ఉంటుంది. ఇంత దూరాన ఉండి దాన్ని చూసుకుని ఎన్నిసార్లు ధైర్యం తెచ్చుకున్నానో. "మన లాస్య మీ దీవికొస్తోందే, అక్కడి ముసలోళ్ళ మాటలు రికార్డు చేస్తాదట" అంది అక్క. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డబ్లిన్‌లో భాషాశాస్త్రం చదువుతున్న మా ఇంటి పిల్ల నా ముంగిట్లోకి వస్తోందని గర్వం. అక్టోబరులో ఒక్కర్తివీ అద్దె కారులో సదరన్ షోర్ తీరం వెంట పోయే రూట్ 10 రోడ్డు మీద తిరుగుతావని తెలిసి గుండెదడ.

ఆ కారు సంగతి తర్వాత చెప్తాను. ముందు నీ మెసేజ్ సంగతి. "చిన్నమ్మమ్మా, స్వచ్ఛమైన ఐరిష్ యాస ఏ ఊళ్ళో దొరుకుతుంది?" అని అడిగావు. ఆ "స్వచ్ఛమైన" అన్న మాట దారిలోనే ఎక్కడైనా వదిలేసి రా. నేను మెడికల్ కాలేజీలో చేరిన మొదటి వారంలో మెస్‌లో కూర్చుని "ఏటి కూర?" అని అడిగాను. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. నెల తిరిగేసరికి "ఏమిటి" అనడం నేర్చుకున్నాను. సెలవులకి ఇంటికెళ్తే మా అమ్మ నా మాట రెండు నిమిషాలు విని, "నీ మాట మారిపోనాదే" అంది. కోప్పడలేదు. నా పళ్ళెంలో అన్నం వడ్డిస్తూ అంది, అంతే. నాకిప్పటికీ ఆ గొంతు వినిపిస్తుంది.

ఇక్కడివాళ్ళదీ అదే కథ. 1949లో ఈ దీవి కెనడాలో కలిసింది. ఆ తర్వాత పని కోసం టొరంటో వెళ్ళినవాళ్ళ నోట ఒక్క వాక్యం వస్తే చాలు, జోకులు మొదలయ్యేవి. బడిలో టీచర్లు సరిగ్గా మాట్లాడమని మందలించేవారని నా పేషెంట్లు ఎంతమంది చెప్పారో. అందుకే వాళ్ళకి రెండు మాటలుంటాయి. ఒకటి బయటివాళ్ళ కోసం, ఒకటి వంటగది కోసం. నువ్వు మైకు పెట్టగానే మొదటిది బయటికొస్తుంది. దాన్నే రికార్డు చేసుకుని వెళ్ళిపోతావేమోనని నా భయం. నువ్వనుకున్న మూడు వారాలు సరిపోవు. ఆరు వారాలకి రా, నా ఇంట్లో ఉండు. ఖర్చు మాట ఎత్తావంటే ఊరుకోను.

ఈ యాస ఎలా నిలబడిందో నీకు పుస్తకాల్లో చెప్పే ఉంటారు. నేను చూసినంతలో నాకు అర్థమైంది ఇది. కాడ్ చేపల కోసం ఇంగ్లండ్ నుంచి బయల్దేరిన ఓడలు దారిలో ఐర్లండ్‌లోని వాటర్‌ఫర్డ్ రేవులో ఆగి ఉప్పు పంది మాంసం, వెన్న, వాటితోపాటు కూలీ కుర్రాళ్ళనీ ఎక్కించుకునేవి. రెండు వేసవులు, ఒక చలికాలం పనిచెయ్యాలని ఒప్పందం. ఐరిష్ భాషలో ఈ దీవికి "తాలవ్ అన్ ఏష్క్" అని సొంత పేరే పెట్టుకున్నారు, చేపల నేల అని. 1800 నుంచి 1830 దాకా జోరుగా వచ్చారు. దాదాపు అందరూ వాటర్‌ఫర్డ్, వెక్స్‌ఫర్డ్, కిల్కెన్నీ, టిప్పరరీ, కార్క్ ప్రాంతాలవాళ్ళే. ఆ తర్వాత రాకడ తగ్గిపోయింది. 1845లో మొదలైన పెద్ద కరువప్పుడు లక్షలమంది బోస్టన్‌కీ న్యూయార్క్‌కీ వెళ్ళారు గాని ఇటు పెద్దగా రాలేదు. అంతమంది వెళ్ళిన ఆ నగరాల్లో మనవలకే యాస పోయింది. ఇక్కడ మాత్రం ఒకే ప్రాంతంవాళ్ళు ఒకే తీరం వెంబడి సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన చిన్న చిన్న ఒంపుల్లో సర్దుకున్నారు. పక్క ఊరికి వెళ్ళాలన్నా పడవే. పెళ్ళిళ్ళూ వాళ్ళలో వాళ్ళకే. ఏడు తరాలు గడిచినా ఫెర్రీలాండ్ అనే ఊళ్ళోనో బ్రాంచ్ అనే ఊళ్ళోనో ఒక తాత నోరు విప్పితే వాటర్‌ఫర్డ్‌వాడు తన పక్కింటాయన అనుకుంటాడు. ఐరిష్ భాష పోయింది. దాని ఎముకలు మాత్రం ఇంగ్లిషు లోపల అలాగే ఉన్నాయి. మారిషస్‌లో మన తెలుగువాళ్ళకి ఇంకోలా జరిగింది. అక్కడ ఉగాది నిలిచింది, రామభజన నిలిచింది, ఇంట్లో మాట పలచబడింది. ఏది నిలుస్తుందో ఏది పోతుందో బయల్దేరేటప్పుడు ఎవరికీ తెలియదు.

కాబట్టి డబ్లిన్‌లో ఏడాది ఉన్నాను, ఐరిష్ ఇంగ్లిషు నాకు తెలుసు అనుకోకు. వచ్చేముందు బస్సెక్కి వాటర్‌ఫర్డ్ వెళ్ళి రెండు రోజులు అక్కడి మాట విను. ఇక్కడికొచ్చాక మెమోరియల్ యూనివర్సిటీలో 1968 నుంచీ జానపద, భాషా రికార్డులు భద్రం చేస్తున్నారు, ముందు అవి విను. రికార్డరుకి రెండో జత బ్యాటరీలు. వాన కోటు. నీళ్ళు దిగని బూట్లు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను. మీ అమ్మకి కూడా ఇది పూర్తిగా చెప్పలేదు.

నేను 1976లో వచ్చాను, 29 ఏళ్ళకి. ఊళ్ళల్లో పనిచెయ్యడానికి డాక్టర్లు దొరక్క మనలాంటివాళ్ళని పిలిచిన కాలం. మొదటి వారంలోనే ఈ యాస నా చెవికి చుట్టంలా తగిలింది. వీళ్ళు "థింగ్" అనరు, మనలాగే "తింగ్" అంటారు. "బెల్" అంటే చివరి ల మన ల లాగే తేటగా ఉంటుంది. "హ్యాట్" అంటే చివరి ట గట్టిగా తగలకుండా సన్నగా గాలి వదులుతుంది, కొత్తవాళ్ళకి "హ్యాష్" అన్నట్టుంటుంది. నాకు అదీ ముద్దుగానే ఉండేది. హాయిగా వినిపించేసరికి అంతా అర్థమవుతోందనుకున్నాను.

1978 ఫిబ్రవరి. రెండు రోజులు ఆగకుండా మంచు కురిసింది. తీరం మీద ఒక ఊళ్ళో డెబ్భై దాటిన పెద్దావిడకి దగ్గు, జ్వరం అని కబురొస్తే మంచు తోసే బండి డ్రైవరు పక్కన కూర్చుని వెళ్ళాను. ఆవిడకి షుగరు. రోజూ నర్సు వచ్చి ఇన్సులిన్ ఇచ్చేది. ఆ రోజు మంచుకి నర్సు రాలేకపోయింది. నేను ఛాతీ చూశాను, మందులిచ్చాను. ఇన్సులిన్ సంగతి అడిగితే కూతురు స్టవ్ దగ్గర నించుని, "షీజ్ ఆఫ్టర్ హ్యావింగ్ హర్ నీడిల్, డాక్టర్" అంది.

ఆఫ్టర్ అంటే తర్వాత. తర్వాత వేయించుకుంటుందట, నర్సు రాలేదు కదా, పాపం ఎదురుచూస్తున్నారు అనుకున్నాను. సిరంజి తీసి ఇన్సులిన్ ఇచ్చేశాను. కూతురు అప్పటికి కట్టెలు తేవడానికి బయటికెళ్ళింది. ఆవిడ ఏమీ అనలేదు. డాక్టరు ఇస్తోందంటే ఇంకేదో మందు అనుకుందట.

నాకు టీ పెట్టారు. బండి డ్రైవరు కిందికి దారి చేసుకుంటూ వెళ్ళాడు, తిరిగొచ్చేదాకా ఉండాలి. ముప్పావుగంట గడిచిందేమో. ఆవిడ దుప్పటి అంచు వేళ్ళతో పీకుతోంది. నుదుటి మీద చెమట, అంత చలిలో. పేరు పెట్టి పిలిస్తే నన్ను చూసి చనిపోయిన తన చెల్లెలి పేరు పెట్టి పలికింది. నా కాళ్ళ కింద నేల జారిపోయింది. బ్యాగులో గ్లూకోజ్ ఉంది, ఆ ముడతల చేతిలో నరం దొరకడం లేదు. కూతురు అలమారలోంచి మొలాసిస్ సీసా తెచ్చింది, మన బెల్లప్పాకంలా ఉంటుంది, వేలితో తీసి ఆవిడ చిగుళ్ళకి పూస్తోంది. మూడోసారికి నరం దొరికింది. పది నిమిషాల్లో ఆవిడ కళ్ళు తేటపడి, "మీ ఇద్దరూ ఏడుస్తున్నారెందుకు?" అని అడిగింది.

కూతురు నన్ను తిట్టలేదు. "పొద్దున్నే నేనే ఇచ్చాను, నీకు చెప్పాను కదా" అంది. ఏమన్నావో మళ్ళీ అనమన్నాను. మళ్ళీ అదే వాక్యం. నా ముఖం చూసి, తన టీ కప్పు తీసుకుని నా కళ్ళ ముందు బోర్లించింది. అడుగున తడి టీ ఆకులు నాలుగు అంటుకుని ఉన్నాయి, ఒక్క చుక్క కింద పడలేదు. "ఐయామ్ ఆఫ్టర్ డ్రింకింగ్ మి టీ" అంది. ఇప్పుడే తాగేసి ఉన్నాను అని. ఐరిష్‌లో ఈ మాట ఇలాగే కట్టుకుంటారని తర్వాత తెలిసింది, పని ముగిసిన "తర్వాత" మనిషి ఉన్నట్టు. భాష మారినా ఆ కట్టు వదల్లేదు.

ఆ సాయంత్రమే ఆస్పత్రిలో పెద్ద డాక్టరుకి చెప్పి, ఫైల్లో నా చేత్తోనే రాశాను. ఆ తర్వాత నాలుగేళ్ళు, ఆవిడ పోయేదాకా, ప్రతి నెలా ఆ ఇంటికి వెళ్ళాను. ఆ రోజు నుంచీ ఆవిడ నాకు మాటలు నేర్పింది. మాయదారివాణ్ణి "స్లీవీన్" అంటారు, చింపిరి ఆడదాన్ని "స్ట్రీల్" అంటారు, గోకితే "స్క్రాబ్" అంటారు. మార్చి 18 ప్రాంతంలో వచ్చే మంచు తుపాను షీలమ్మ చీపురు, సెయింట్ పాట్రిక్ పండగ అవగానే షీలమ్మ ఊడ్చుకుపోతుంది.

ఎందుకింత రాశానంటే, నువ్వూ నాలాగే చెవికి హాయిగా తగలగానే అర్థమైందనుకునే పిల్లవి. చిన్నప్పుడు కథ చెప్తుంటే సగంలోనే "నాకు తెలుసు" అనేదానివి. ఒక్కో మాట దగ్గర రెండో ప్రశ్న అడుగు. అయిందా అని అడక్కు, ఎన్నింటికి అయింది అని అడుగు. అప్పుడు తెలుస్తుంది.

ఇంకా కొన్ని. తలుపు తట్టకు, ఇక్కడ తట్టేది పోలీసులూ పరాయివాళ్ళూ. వెనక గుమ్మంలోంచి పేరు పెట్టి పిలుస్తూ వెళ్ళు. "వేర్ డూ యూ బిలాంగ్ టు?" అంటారు. మన ఊళ్ళో ఎవరి గుంటవే, అంటే ఎవరి పిల్లవే, అన్నట్టే అది. డబ్లిన్ అని చెప్పకు, శ్రీకాకుళం అని చెప్పు, నా పేరు చెప్పు. మీరు అచ్చం ఐరిష్‌వాళ్ళలా మాట్లాడుతున్నారండీ అని మెచ్చుకోకు. తరాల తరబడి ఇక్కడే పుట్టారు, తమ ఊరివాళ్ళలా మాట్లాడుతున్నారు. 1992 జులై 2న కాడ్ వేట ఆపేశాక పిల్లలు పని కోసం కెనడా పడమటి వైపున్న అల్బెర్టాకి పోయారు, ఊళ్ళో మిగిలింది పెద్దవాళ్ళూ టూరిస్టులూ. టూరిస్టుల ముందు ఐరిష్ పాట పాడే గొంతు వేరు, వల చిక్కు తీస్తూ విసుక్కునే గొంతు వేరు. రెండోది వినాలంటే నువ్వూ ఏదో ఒక పని పట్టుకో. బంగాళదుంపలు ఒలువు. అనుమతి కాగితం వాళ్ళ చేతికిచ్చి ఊరుకోకు, నువ్వే చదివి వినిపించు. రికార్డు చేసిందంతా పెన్‌డ్రైవ్‌లో వేసి ఆ ఇంట్లోనే ఇచ్చి రా. రేపు ఆ మనిషి లేనప్పుడు పిల్లలకి అదే మిగులుతుంది. మా అమ్మ గొంతు నా దగ్గర ఒక్క నిమిషం కూడా లేదు లాస్యా.

ఇక కారు. ఈ దీవిలో మూస్ అనే జంతువుంది, గుర్రం కన్నా ఎత్తు. 1904లో బయటినుంచి తెచ్చి వదిలారు, ఇప్పుడు ఎక్కడ చూసినా అవే. కాళ్ళు పొడుగు కావడంతో గుద్దుకుంటే ఒళ్ళంతా అద్దం మీద పడుతుంది. రాత్రిపూట దాని కళ్ళు లైట్లకి అందవు, ఒంటి రంగు తారు రోడ్డు రంగులో కలిసిపోతుంది. నేను ఎమర్జెన్సీలో చూసినవి నీకు రాయను. ట్రెపాసీ ఊరి వైపు పొగమంచు దిగితే కారు ముందు భాగం కూడా కనిపించదు. పొద్దువాలాక స్టీరింగ్ ముట్టుకోకు. మాటల్లో పడి పొద్దుపోతే, ఎవరింట్లో ఉంటే అక్కడే ఉండిపో. ఆ మాట వాళ్ళే ముందు అంటారు, మొహమాటపడకు, పక్క వేసేస్తారు. పడుకునేముందు నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా మెలకువగానే ఉంటాను.

నీ
చిన్నమ్మమ్మ