స్టార్ ట్రెక్ నెక్స్ట్ జనరేషన్ రెండో సీజన్ ఆఖరి ఎపిసోడ్ చూడకుండా మూడో సీజన్‌కి వెళ్లిపోవచ్చా?

మీరు రెండు విషయాలు అడిగారు. "షేడ్స్ ఆఫ్ గ్రే" ఎపిసోడ్ ఎందుకింత చప్పగా ఉంది? దాన్ని సగంలో ఆపేసి మూడో సీజన్ మొదలుపెడితే కథలో ఏమైనా పోతుందా? రెండోదానికి జవాబు చిన్నదే. ఏమీ పోదు, ధైర్యంగా వెళ్లిపోండి. మొదటిదానికి మాత్రం కాస్త ఎక్కువే రాస్తాను. ఆ ఎపిసోడ్ గురించి జనం మామూలుగా చెప్పే కారణాలతో నేను పూర్తిగా ఏకీభవించను. ఒక అంతరిక్ష ఓడ సిబ్బంది కథలు చెప్పే ఈ అమెరికా సిరీస్ అంటే నాకు చాలా ఇష్టం. పైగా కొన్నేళ్లు హైదరాబాద్‌లో ఒక డైలీ సీరియల్‌కి ఎడిటింగ్‌లో పనిచేశాను కాబట్టి ఇలాంటి ఎపిసోడ్లు ఎలా పుడతాయో దగ్గరగా చూశాను.

చూడనివాళ్ల కోసం కథ చెప్తాను. కొత్త గ్రహం మీద సర్వే చేస్తుండగా, ఓడలో కెప్టెన్ తర్వాతి స్థానంలో ఉండే కమాండర్ రైకర్ కాలికి ఒక మొక్క ముల్లు గుచ్చుకుంటుంది. దాని నుంచి ఒంట్లోకి చేరిన సూక్ష్మజీవి నరాల కణాలతో కలిసిపోయి మెదడు వైపు పాకుతుంది. ఓడ డాక్టర్ పులాస్కీ అతని మెదడుకి సూదులు పెట్టి జ్ఞాపకాలను ప్రేరేపిస్తుంది. సంతోషకరమైన జ్ఞాపకాలు వస్తే ఆ జీవి పెరుగుతుంది. భయం, కోపం, ప్రాణాపాయం లాంటివి గుర్తొస్తే వెనక్కి తగ్గుతుంది. కాబట్టి రైకర్ మంచం మీద స్పృహ లేకుండా పడుకుని ఉంటే, మనకి పాత ఎపిసోడ్లలోని సీన్లు ఒకదాని తర్వాత ఒకటి వేస్తారు. మొదట ఆడవాళ్లతో సరదాగా గడిపిన సీన్లు, ఆ తర్వాత తోటి అధికారి టాషా యార్ మరణం లాంటి బాధాకరమైనవి, చివరికి పోరాటాలు, పేలుళ్లు. రైకర్ బతుకుతాడు. అంతే. అది సీజన్ ముగింపు.

దీనికి ఎక్కువమంది చెప్పే కారణం 1988 నాటి అమెరికా రచయితల సమ్మె. సమ్మె నిజమే. ఆ ఏడాది మార్చిలో మొదలై ఆగస్టు దాకా సాగింది. రెండో సీజన్ ఆలస్యంగా నవంబర్‌లో మొదలైంది, ఇరవై ఆరు రావాల్సిన చోట ఇరవై రెండు ఎపిసోడ్లే వచ్చాయి. మొదటి ఎపిసోడ్ "ది చైల్డ్" కోసం, 1970లలో తలపెట్టి వదిలేసిన మరో స్టార్ ట్రెక్ సిరీస్‌కి రాసి పెట్టుకున్న స్క్రిప్టుని దుమ్ము దులిపి వాడుకున్నారు. అంత ఇబ్బంది పడ్డారు. కానీ "షేడ్స్ ఆఫ్ గ్రే" ప్రసారమైంది 1989 జులైలో. సమ్మె ముగిసి అప్పటికి దాదాపు ఏడాది. అసలు సమస్య డబ్బు. షెర్లాక్ హోమ్స్ వేషంతో సాగే "ఎలిమెంటరీ, డియర్ డేటా", బోర్గ్ అనే భయంకరమైన శత్రుజాతి తొలిసారి కనిపించే "క్యూ హూ" అనుకున్నదానికంటే ఎక్కువ ఖర్చు పెట్టించాయి. దానికి బదులుగా ఒక చౌక ఎపిసోడ్ చేసిపెట్టమని స్టూడియో అడిగిందని, ఈ కథ రాసిన మారిస్ హర్లీయే తర్వాత చెప్పాడు. మామూలుగా వారం రోజులు పట్టే షూటింగ్‌ని మూడు రోజుల్లో చుట్టేశారు. హర్లీ కూడా ఈ ఎపిసోడ్‌ని వెనకేసుకు రాలేదు, ఘోరంగా ఉందని తనే అన్నాడు. డైరెక్టర్ రాబ్ బోమన్. ఖర్చు పెట్టించిన ఆ రెండు ఎపిసోడ్లూ ఆయన తీసినవే, లెక్క సరిచేయడానికి తీసిన ఇదీ ఆయనదే.

ఇక్కడ నా అనుభవం కొంచెం చెప్పాలి. డైలీ సీరియల్‌లో రోజూ సాయంత్రం టెలికాస్ట్ ఉంటుంది. చేతిలో నాలుగైదు ఎపిసోడ్ల బ్యాంకు ఉంటే యూనిట్ అంతా ప్రశాంతంగా ఉంటుంది. ఆర్టిస్టు డేట్లు కుదరకో, ఎవరికైనా జ్వరం వచ్చో రెండు రోజులు షూటింగ్ ఆగిందా, బ్యాంకు కరిగిపోతుంది, టెన్షన్ మొదలవుతుంది. అప్పుడు ఎడిట్ రూమ్‌కి ఫోన్ వస్తుంది, "ఫ్లాష్‌బ్యాక్‌తో లాగించెయ్యండి" అని. హీరోయిన్ కిటికీ దగ్గర నిలబడి ఆలోచించే షాట్ ఒకటి తీసి పంపిస్తారు. ఆ షాట్ చుట్టూ మేం పాత పెళ్లి సీను, గొడవ సీను, ఆస్పత్రి సీను పేర్చేవాళ్లం. రంగు కాస్త తగ్గించి, పాత పాట ముక్క ఒకటి వేసి పంపేస్తే రాత్రికి ఎపిసోడ్ సిద్ధం. అలాంటి ఎపిసోడ్లు నేను చాలానే కట్ చేశాను. అందుకే ఆ మూడు రోజుల్లో పనిచేసినవాళ్లని తప్పుపట్టాలని నాకు అనిపించదు. తెర మీద ఖాళీ ఉండకూడదు, ఎవరో ఒకరు దాన్ని నింపాలి.

కానీ ఆ పని చేసినందువల్లే ఒక సంగతి నాకు బాగా తెలిసింది. అలాంటి ఎపిసోడ్లలో కూడా కొన్ని నిలబడేవి. మా సీరియల్‌లో ఒకసారి అత్తగారి పాత్ర ఫ్లాష్‌బ్యాక్‌లు వేశాం. అందులో పాత సీన్లే ఉన్నాయి. అయితే రచయిత ఒక చిన్న మార్పు చేశాడు. ఆవిడ ఆ సీన్లన్నీ తలుచుకుని చివర్లో ఇంటి తాళాలు కోడలి చేతికి ఇస్తుంది. ఆ ఒక్క కొత్త సీనుతో పాత సీన్లకి కొత్త అర్థం వచ్చింది. ఆవిడ ఇన్నాళ్లూ ఏం చూసి ఏం అనుకుందో ఇప్పుడు తెలుస్తోంది కదా అనిపించింది. మర్నాడు కథ అక్కణ్నుంచే కదిలింది. పాత సీన్లు వాడుకోవడంలో తప్పు లేదు. తలుచుకున్న మనిషి ఆ తలుచుకోవడం వల్ల ఎంతో కొంత మారాలి. రైకర్ మారడు. ముల్లు గుచ్చుకోకముందు ఎలా ఉన్నాడో, లేచి కూర్చున్నాక అలాగే ఉన్నాడు.

స్టార్ ట్రెక్‌కి ఇది తెలియని విద్య కాదు. 1966లో మొదటి సిరీస్ కూడా ఇలాగే ఎపిసోడ్లు సమయానికి అందక ఇబ్బందుల్లో పడింది. ఛానల్ తిరస్కరించిన తొలి పైలట్ (నమూనా ఎపిసోడ్) "ది కేజ్" ఫుటేజ్ అలాగే మిగిలి ఉంది. దాన్ని వాడుకుంటూ "ది మెనాజరీ" అనే రెండు భాగాల కథ తయారుచేశారు. ఓడలోని అధికారి స్పాక్ తన పాత కెప్టెన్ పైక్‌ని తీసుకుని ఓడని దారి మళ్లిస్తాడు, విచారణకి నిలబడతాడు, ఆ విచారణలో సాక్ష్యంగా పాత ఫుటేజ్ చూపిస్తారు. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. స్పాక్ ఎందుకిలా చేశాడో తెలుసుకోవాలని ఇప్పటి కెప్టెన్ కర్క్‌కి ఎంత ఆత్రంగా ఉందో మనకీ అంతే ఉంటుంది. ఆ పాత దృశ్యాల్లో జవాబు దొరుకుతుందని చూస్తాం. 1967లో దానికి సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. అక్కడ ప్రేక్షకులు ఆ ఫుటేజ్ అంతకుముందు చూడలేదు కదా అని మీరనొచ్చు. నిజమే, అది పెద్ద సౌకర్యం. అయినా స్పాక్ ఉద్యోగం, ప్రాణం పణంగా పెట్టకపోతే ఆ ఫుటేజ్ ఒక్కటే కథని మోసేది కాదు. స్టార్‌గేట్ ఎస్‌జీ-1 అనే మరో సైన్స్ ఫిక్షన్ సిరీస్ మొదటి సీజన్ చివర్లో వచ్చే "పాలిటిక్స్" కూడా క్లిప్పుల ఎపిసోడే. అందులో ఒక సెనేటర్ ఆ పాత సంఘటనలన్నీ విని కథలోని స్టార్‌గేట్ ప్రాజెక్టు మొత్తాన్నే మూసేయాలంటాడు. విన్నదానికి ఫలితం ఉంది, సీజన్ ముగింపు దాని మీదే ఆధారపడింది.

డబ్బు లేకపోవడం కూడా సాకుగా సరిపోదు. ఇదే రెండో సీజన్‌లో, 1989 ఫిబ్రవరిలో, "ది మెజర్ ఆఫ్ ఎ మ్యాన్" వచ్చింది. మీరు చూసే ఉంటారు. మెలిండా స్నోడ్‌గ్రాస్ రాసింది, ఆవిడ అంతకుముందు లాయర్. అంతరిక్ష యుద్ధం లేదు, కొత్త గ్రహం లేదు, దాదాపు అంతా గదుల్లో మాటలే. ఓడలో అధికారిగా పనిచేసే యంత్రమనిషి డేటాని విప్పి పరిశోధించాలని మ్యాడాక్స్ అనే శాస్త్రవేత్త వస్తాడు. డేటా స్టార్‌ఫ్లీట్ (వాళ్లు పనిచేసే అంతరిక్ష దళం) ఆస్తా, తన గురించి తానే నిర్ణయించుకోగల ప్రాణా అని విచారణ. అక్కడ సిబ్బంది లేక డేటాకి వ్యతిరేకంగా వాదించే బాధ్యత రైకర్ మీద పడుతుంది. ఒప్పుకోకపోతే డేటా ఆస్తేనని అక్కడికక్కడే తీర్పు ఇచ్చేస్తామంటారు. స్నేహితుణ్ని కాపాడాలంటే స్నేహితుడికి వ్యతిరేకంగా గట్టిగా వాదించాలి. రైకర్ డేటా చెయ్యి ఊడదీసి చూపిస్తాడు, స్విచ్ నొక్కి ఆపేస్తాడు, డేటా బల్ల మీద వాలిపోతాడు. తన సీట్లోకి తిరిగి వెళ్లేటప్పుడు రైకర్ మొహం చూడండి. రైకర్‌గా వేసిన జోనథన్ ఫ్రేక్స్ ఈ సిరీస్ మొత్తంలో చేసిన గొప్ప నటనల్లో నా లెక్కలో అదొకటి. డేటా కేసు గెలిచాక కూడా రైకర్ అందరితో కలవలేక ఒంటరిగా ఉండిపోతే డేటా వచ్చి, నువ్వు బాధపడి నన్ను కాపాడావు, అది మర్చిపోను అంటాడు.

ఇప్పుడు "షేడ్స్ ఆఫ్ గ్రే"కి రండి. బాధ పెట్టే జ్ఞాపకాలే రైకర్‌ని బతికిస్తాయి. ఆలోచన మామూలుది కాదు. మనిషిని కుంగదీసినవే అతని ప్రాణం నిలబెడతాయన్న మాట ఎంత దూరమైనా వెళ్లగలదు. అలాంటప్పుడు కథ డేటా స్విచ్ నొక్కిన ఆ క్షణం చుట్టూ తిరగాలి కదా. తన చేత్తో తాను చేసిన పని, చెయ్యక తప్పని పని, ఇప్పటికీ లోపల గుచ్చుతూ ఉండే పని. అలా తిరగలేదు. తండ్రి సంగతీ అంతే. రైకర్‌కి రెండేళ్లప్పుడు తల్లి పోయింది, పదిహేనేళ్లప్పుడు తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోయాడు, ఇదే సీజన్‌లో "ది ఇకారస్ ఫ్యాక్టర్"లో ఆ తండ్రి తిరిగొచ్చాడు. చావు అంచున ఉన్న మనిషికి అలాస్కాలో గడిచిన చిన్నతనం ఒక్కసారైనా గుర్తు రాదా? రాదు, ఎందుకంటే దాన్ని ఎవరూ షూట్ చేయలేదు. అతని జ్ఞాపకాలన్నీ రెండు సీజన్లలో కెమెరా ముందు జరిగినవే. అతనికి గతం లేదు, ఫుటేజ్ మాత్రమే ఉంది. నన్ను అన్నిటికంటే ఎక్కువ నిరాశపరిచింది అదే.

దీన్ని బాగుచేయడానికి పెద్ద ఖర్చు కూడా అవసరం లేదు. స్పృహ తప్పకముందు రైకర్ ఒక జోక్ వేస్తాడు, తన ముత్తాతని పాము కాటేస్తే మూడు రోజులు విలవిల్లాడి చివరికి పామే చచ్చిపోయిందని. ఓడలో కౌన్సిలర్‌గా ఉండే ట్రాయ్ అతని పక్కనే ఉంటుంది. ఆ ఇద్దరి మధ్య ఒకప్పుడు ప్రేమ ఉండేదని మనకి తెలుసు. ఎదుటివాళ్ల మనసులోని భావాలు ఆమెకి తెలుస్తాయి కాబట్టి, అతను అనుభవించే ప్రతి భయం, ప్రతి దుఃఖం ఆమెకి తగులుతుంది. అదే మంచం పక్కన, అదే సెట్‌లో, ట్రాయ్‌గా వేసిన మరీనా సర్టిస్‌కి ఒక మంచి సన్నివేశం రాస్తే చాలు. అతన్ని బతికించాలంటే ఇంకా బాధపెట్టాలని తెలిసి ఆమె ఏమనుకుంటుంది? ఎక్కడ ఆపమంటుంది? అన్నీ గడిచాక అతనితో ఏం మాట్లాడుతుంది? ఉన్న కొద్దిపాటి కొత్త సీన్లలో ఆ ఛాయలు లేకపోలేదు, ఆమె మొహంలో కొంత కనిపిస్తుంది కూడా. కానీ స్క్రిప్టు దాన్ని పట్టించుకోకుండా తర్వాతి క్లిప్పుకి వెళ్లిపోతుంది.

సీజన్‌కి ముగింపుగా దీన్ని పెట్టడం మరో దెబ్బ. మధ్యలో వచ్చి ఉంటే ఇంతగా గుర్తుపెట్టుకునేవాళ్లం కాదేమో. "క్యూ హూ"లో బోర్గ్‌ని చూపించి మనల్ని భయపెట్టారు, ఆ భయం ఇంకా అలాగే ఉంది, తర్వాత రెండు నెలలు దాటాయో లేదో సీజన్ ఒక మంచం మీద ముగిసింది.

ఇక మీరు చేయాల్సింది. ఈ ఎపిసోడ్ మీరు ఆపిన చోటే వదిలేయండి. వెళ్లేముందు రెండు విషయాలు గుర్తుంచుకుంటే చాలు. ఒకటి, టాషా యార్ ఎలా చనిపోయిందో మర్చిపోయి ఉంటే మొదటి సీజన్‌లోని "స్కిన్ ఆఫ్ ఈవిల్" మళ్లీ చూడండి. మూడో సీజన్ మధ్యలో ఒక ఎపిసోడ్‌కి అది గుర్తుండటం చాలా అవసరం, ఎందుకో ఇప్పుడు చెప్పను. రెండు, డాక్టర్ పులాస్కీ ఇక కనిపించదు. "షేడ్స్ ఆఫ్ గ్రే"నే ఆవిడ చివరి ఎపిసోడ్. మూడో సీజన్ మొదటి ఎపిసోడ్‌లోనే మొదటి సీజన్‌లో ఓడ డాక్టర్‌గా ఉన్న క్రషర్ తిరిగొచ్చి ఉంటుంది. పులాస్కీగా వేసిన డయానా మల్డార్ లాంటి నటికి వీడ్కోలు సీను కూడా లేదని నాకు ఇప్పటికీ బాధే.

మూడో సీజన్ మొదట్లో రెండు మూడు ఎపిసోడ్లు నెమ్మదిగా అనిపించినా ఆపకండి. మైకేల్ పిల్లర్ రచయితల బృందానికి నాయకత్వం తీసుకున్నాక పాత్రల మీద శ్రద్ధ బాగా పెరిగింది, ఎవరికి ఏం జరిగినా అది వాళ్ల మనసులో మిగులుతుంది. ఆ సీజన్ ఆఖరి ఎపిసోడ్ 1990 జూన్‌లో వచ్చింది, దాని పేరు "ది బెస్ట్ ఆఫ్ బోత్ వరల్డ్స్". అందులోనూ కథ రైకర్ చుట్టూనే తిరుగుతుంది. అది చూసే రోజు నాలుగో సీజన్ మొదటి ఎపిసోడ్ కూడా సిద్ధంగా పెట్టుకోండి, లేకపోతే ఆ రాత్రి నిద్ర పట్టదు.